దారి ఖర్చుల పక్కన జమ: కుటుంబ ప్రయాణంలో చిన్న చిన్న మేళ్లకు చిట్టా రాయడం ఎలా

మా మామగారికి బరంపురంలో బట్టల కొట్టు ఉండేది. ఆయన పోయాక అలమరలో ఎర్ర అట్ట పుస్తకాలు దొరికాయి. ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు. కొట్టు మూసే ముందు రెండు వైపులా రాయకుండా ఆయన ఏనాడూ భోజనానికి లేవలేదని మా అత్తయ్య చెబుతుంది. ఆ నెలలోనే మేము కారులో పర్లాకిమిడి వెళ్లొచ్చాం. తిరిగొచ్చాక ఫోన్ తెరిచి నేను రాసుకున్న లెక్క చూసుకున్నాను: డీజిల్, టోలు, టిఫిన్లు, పంచరు. అన్నీ ఖర్చులే. ఎడమ పేజీ తెల్లగా ఉంది. ఇంట్లో ఆ ప్రయాణం గురించి మాట్లాడుకున్న మాటలూ అలాగే ఉన్నాయి. ఎంతయింది, ఎక్కడ ఆలస్యమైంది, ఎవరు ఎవరి మీద విసుక్కున్నారు.

ఆ తర్వాత ప్రయాణానికి మామగారి పుస్తకాల్లో ఖాళీగా మిగిలిన ఒకదాన్ని వెంట తీసుకెళ్లాను. దారిలో మాకు ఎవరు ఏ చిన్న మేలు చేసినా ఎడమ వైపు జమ రాయడం, మూడు ప్రయాణాలుగా ఈ పద్ధతి పాటిస్తున్నాం. మొదట్లో చేసిన తప్పులు దిద్దుకుంటూ వచ్చాక తేలినదే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మేము తిరిగే దారివే: బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి ఘాట్, చంద్రగిరి, పర్లాకిమిడి, అక్కడి నుంచి పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా ఇంటికి. మీ దారి రాయగడ వైపో, సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపో అయినా పద్ధతి మారదు.

బయల్దేరే ముందు: పుస్తకం, పెన్సిలు, స్టెప్నీ

ఫోన్‌లో రాయకండి. రాద్దామని ఫోన్ తీస్తాం, వాట్సాప్ చూస్తాం, అంతటితో సరి. పైగా ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. నలభై పేజీల రూళ్ల పుస్తకం చాలు. పేజీ మధ్యలో నిలువుగీత గీసి ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు అని రాయండి. ఖర్చు రాయడం మానకండి. కృతజ్ఞత పేరు చెప్పి డబ్బు లెక్క వదిలేస్తే పుస్తకం రెండో రోజుకే సీటు కిందికి చేరుతుంది. డబ్బు రాయడానికి తెరిచిన చేత్తోనే పక్క గడిలో జమ కూడా పడాలి. కుదుపుల్లో పెన్ను కంటే పెన్సిలు నయం.

స్టెప్నీలో గాలి చూసుకోండి. దీనికీ కృతజ్ఞతకూ సంబంధం ఏమిటో కిందికి వచ్చాక తెలుస్తుంది.

పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి? బండి నడిపేవాళ్ల చేతిలో తప్ప ఎవరి చేతిలోనైనా. మా ఇంట్లో పన్నెండేళ్ల పెద్దది రాస్తుంది, ఏడేళ్ల చిన్నోడు చెబుతాడు, అత్తయ్య తప్పులు పడుతుంది.

పద్దు ఎలా రాయాలి

మొదటి ప్రయాణంలో మా పెద్దది రాసిన జమ పద్దులు ఇవి: "వాతావరణం బాగుంది. అందరం ఆరోగ్యంగా ఉన్నాం. కొండలు అందంగా ఉన్నాయి." అత్తయ్య చదివించుకుని విని, "మీ తాతయ్య ఇలాటి పద్దు రాస్తే కొట్టు ఏనాడో మూతబడును" అంది. పేరు లేని పద్దు పద్దు కాదన్నది మామగారి నియమం. ఎవరి దగ్గర నుంచి, ఏమిటి, ఎప్పుడు, ఎంత. ఈ నాలుగూ ఉంటేనే పుస్తకంలోకి ఎక్కుతుంది.

అలా దిద్దించాక పద్దులు ఇలా మారాయి:

"పొద్దున్న 7 గంటలు, దిగపహండి దాటాక, టీ కొట్టు మౌసి (ఒడియాలో పిన్ని). మామ్మకి పంచదార లేకుండా వేరే గిన్నెలో టీ పెట్టింది. అడక్కుండానే."

"తప్తపాణి ఘాట్, మూడో మలుపు. దిగుతున్న లారీ డ్రైవరు పక్కకు ఆపుకుని మనకి దారిచ్చాడు."

"తప్తపాణి వేడినీళ్ల గుండం దగ్గర ముసలాయన. మామ్మకి మెట్ల మీద చెయ్యి అందించాడు. ఏడు మెట్లు."

మొదటి రకం పద్దులకూ వీటికీ తేడా చూడండి. "కొండలు అందంగా ఉన్నాయి" అని ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. ఏడు మెట్లు లెక్కపెట్టాలంటే మాత్రం అక్కడ ఉండాలి, చూస్తూ ఉండాలి. ఈ పుస్తకం చేసే పనల్లా అదే. తర్వాత పద్దు దొరుకుతుందేమోనని పిల్లలు కిటికీలోంచి చూడటం మొదలుపెడతారు.

లారీ విషయం కొంచెం చెప్పాలి. ఘాట్ రోడ్డులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం. మరి నియమం ప్రకారం చేసినదానికి జమ ఎందుకని మా ఆయన వాదించాడు. నా జవాబు: దిగుతున్న బరువు బండిని వాలులో ఆపడం ఎంత కష్టమో స్టీరింగ్ పట్టిన నీకు తెలీదా? చెయ్యాల్సినవాళ్లు చెయ్యాల్సిన పని చెయ్యడం కూడా మేలే. అది జరగని రోజు దాని విలువ తెలుస్తుంది. వాదన తేలలేదు గాని పద్దు మాత్రం ఉంది.

ఒక పూటకు ఐదు పద్దులు మించనివ్వకండి. ఈ ఐదు నా సొంత లెక్క కాదు. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక జట్టు విద్యార్థుల్ని పది వారాల పాటు, వారానికొకసారి, తమకు కృతజ్ఞత కలిగించిన సంగతులు ఐదు దాకా రాయమన్నారు. ఇంకో జట్టును చిరాకు పెట్టినవి రాయమన్నారు. మేళ్లు రాసినవాళ్లు తమ బతుకు గురించి మెరుగ్గా, వచ్చే వారం గురించి ఎక్కువ ఆశగా ఉన్నట్టు తేలింది. నాకు అందులో నచ్చింది "ఐదు దాకా" అన్న హద్దు. ఇరవై రాయాలంటే పిల్లలు కల్పించడం మొదలుపెడతారు. మా చిన్నోడు ఒకసారి మైలురాళ్లకి కూడా దండం పెట్టేశాడు.

ముందు కారు లోపల చూడండి

దారిలో ఎదురైన కొత్తవాళ్ల మేలు తొందరగా కనబడుతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లది కనబడదు. అందుకని మేము మొదటి పద్దు ఎప్పుడూ కారు లోపలిదే రాయాలని పెట్టుకున్నాం.

ఆరు గంటలకు బయల్దేరాలంటే మా ఇంట్లో నాలుగింటికి పొయ్యి వెలుగుతుంది. అత్తయ్య పులిహోర కలుపుతుంది, నేను పూరీలు వత్తుతాను. దారిలో అల్లం ముక్క ఉప్పులో అద్ది నోట్లో పెట్టుకోవడానికి ఒక డబ్బా, ఘాట్‌లో చిన్నోడికి వాంతులు వస్తాయి గనక. నీళ్లు, పాత తువ్వాళ్లు, రెండు ప్లాస్టిక్ కవర్లు. ఇవన్నీ సర్దిన చేతులు ఎవరివో కారు ఎక్కినవాళ్లకు గుర్తుండదు. తిన్నాక "పులిహోర బాగుంది" అంటారు. బాగుంది అన్నది పులిహోరకు చెప్పిన మాట. నాలుగింటికి లేచిన మనిషికి చెప్పాల్సిన మాట వేరు.

ఇక్కడ పిల్లలతో ఒక ఆట ఆడొచ్చు. మేము "ఎన్ని చేతులు" అంటాం. కారులో ఏదో ఒక వస్తువు ఎత్తి చూపించాలి. అది మన దగ్గరికి రావడానికి ఎన్ని చేతులు మారిందో వంతులవారీగా చెప్పాలి. అత్తయ్య కట్టుకున్న బరంపురం పట్టు చీర తీసుకున్నాం ఒకసారి. పురుగుల్ని పెంచినవాళ్లు, పట్టుకాయ ఉడికించి దారం తీసినవాళ్లు, రంగు అద్దినవాళ్లు, మగ్గం మీద కూర్చున్న దేరా వీధి నేతగాడు, కొట్టులో మడత విప్పి చూపించిన మామగారు. చీర దగ్గర మొదలైన ఆట తాతయ్య దగ్గర ఆగింది. కాసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆట అప్పుడప్పుడు అలా కూడా తిరుగుతుంది, కంగారు పడొద్దు.

నోటితో చెప్పడం, మూడు భాషల్లో

పుస్తకంలో రాసుకుంటే సగమే అయినట్టు. ఎదుటి మనిషికి చెప్పాలి. చిక్కేమిటంటే, థాంక్స్ అన్న మాట ఇంట్లో మన నాలుకకి తిరగదు. తమ్ముడికి థాంక్స్ చెబితే వాడు మొహం అదోలా పెడతాడు. "కృతజ్ఞతలు" సభల్లో వందన సమర్పణ చేసేవాళ్ల మాట. అంతమాత్రాన మన దగ్గర మాట లేదనుకోకండి. మా వైపు ముసలమ్మలు మంచినీళ్లు ఇచ్చిన పిల్లకి "నీ కడుపు సల్లగుండ" అంటారు. వడ్డించిన కోడలికి "నీ సెయ్యి సల్లన" అంటారు. అందులో చేసిన పనికి గుర్తింపూ ఉంది, తిరిగి ఇవ్వడమూ ఉంది. పిల్లలకి థాంక్స్ కంటే ముందు ఇది నేర్పండి. వాళ్లు నవ్వుతారు. నవ్వనీండి, అన్నాక విన్నవాళ్ల మొహం చూస్తారు కదా.

ఒడియా వాళ్లతో కూడా ఇదే సూత్రం. "ధన్యబాద్" తప్పు కాదు, కానీ రోడ్డు పక్కన బరా (గారెలు), ఘుగుని (బఠాణీ కూర) పెట్టే మనిషికి అది కొంచెం ఆఫీసు మాటలా వినిపిస్తుంది. ఆవిడని "మౌసీ" అని పిలిచి, "బహుత్ భల లాగిలా" అనండి. చాలా బాగుంది, నచ్చింది అని. ప్లేటు మీరే తీసి తొట్టి దగ్గర పెట్టండి. బేరం ఆడకండి. పదిహేను రూపాయల దగ్గర రెండు రూపాయలు తగ్గించుకుని, కారెక్కి పుస్తకంలో ఆవిడ గురించి జమ రాస్తే లెక్క తప్పుతుంది.

చంద్రగిరిలో మూడో భాష వినిపిస్తుంది. 1963 నుంచి అక్కడ టిబెట్ నుంచి వచ్చినవాళ్ల ఊళ్లున్నాయి. కొండ వాలుల్లో మొక్కజొన్న పండిస్తారు. జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం ఉంది, దాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. వాళ్ల భాషలో ధన్యవాదం "తుజేఛే". అక్కడ ఒక చిన్న హోటల్లో వేడి నూడుల్స్ సూపు తెచ్చి పెట్టిన అవ్వతో మా చిన్నోడు ఆ మాట అన్నాడు. ఆవిడ ఒడియాలో జవాబిచ్చి ఇంకో గిన్నె పోసింది. దేశం వదిలి వచ్చిన మనుషుల ఊళ్లో కూర్చుని వేడి సూపు తాగుతున్నాం అన్న సంగతి పిల్లలకి విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. పెద్దది తనే అడిగింది, వాళ్ల ఊరు ఎక్కడ అని.

పర్లాకిమిడి చేరితే గిడుగు రామమూర్తి పంతులు గుర్తొస్తారు. మన చేత వ్యావహారిక భాష రాయించిన ఆయన, అక్కడ బడిలో పాఠాలు చెబుతూ కొండల్లో సవరల భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. పక్కింటివాళ్ల మాట నేర్చుకోవడం కంటే పెద్ద మర్యాద ఏముంది? అంత చెయ్యలేం గాని రెండు మాటలు మనం కూడా నేర్చుకోగలం.

పంచరు పడ్డప్పుడు

కృతజ్ఞత గురించి చెప్పేవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు. చంద్రగిరి దాటాక, మధ్యాహ్నం రెండు గంటలకి, ఊరూ పేరూ లేని చోట మాకు వెనక టైరు పోయింది. స్టెప్నీ దించితే అందులో గాలి లేదు. బయల్దేరే ముందు చూస్తానన్నది నేనే. చూడలేదు. మా ఆయన ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

అలాంటప్పుడు పుస్తకం తీయకండి. "ఇంతకంటే ఘోరం జరగలేదు, సంతోషించండి" అని ఎవరూ అనకూడదు. మా కారులో ఇది రాసిపెట్టుకున్న నియమం. ఎండలో నిలబడ్డ మనిషికి ఆ మాట తిట్టులా తగులుతుంది. ముందు చెయ్యాల్సినవి చెయ్యండి: పిల్లల్ని రోడ్డుకు దూరంగా నీడలో కూర్చోబెట్టడం, బండికి వెనకాల కొంత దూరంలో ఎర్ర త్రికోణం గుర్తు పెట్టడం, నీళ్లు తాగడం. జాతీయ రహదారి మీదైతే 1033కి, ప్రమాదమైతే 112కి ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ లేకపోతే వచ్చే బండికి చెయ్యి ఊపడమే.

మాకు ఒక పికప్ వ్యాను ఆగింది. డ్రైవరు కుర్రాడు సీటు వెనక నుంచి గాలి పంపు తీశాడు. కాలితో తొక్కేది. ఇరవై నిమిషాలు తొక్కాడు, మధ్యలో మా ఆయన అందుకున్నాడు. డబ్బిస్తే వద్దన్నాడు. అత్తయ్య పులిహోర పొట్లం ఇస్తే మాత్రం తీసుకున్నాడు.

పుస్తకం పర్లాకిమిడిలో రాత్రి భోజనం అయ్యాక తీశాం. కష్టం జరిగాక కనీసం కడుపు నిండేదాకా ఆగాలని అప్పుడు తెలిసింది. పెద్దది రాసిన పద్దు: "మధ్యాహ్నం 2, పికప్ అన్న. గాలి. 20 నిమిషాలు. మనం ఇచ్చింది పులిహోర ఒకటి. బాకీ ఉంది." ఖర్చు గడిలో నా చేత్తో నేను రాశాను: "స్టెప్నీ చూడకపోవడం. నా తప్పు." ఆ ఒక్క వాక్యం రాశాక మా ఆయన మాట్లాడాడు. తప్పు ఎవరిదో ఖర్చులో తేలనిదే జమ నిజంగా అనిపించదు. అన్నింటినీ దీవెనలుగా మార్చేసే చోట పిల్లలు పెద్దల్ని నమ్మడం మానేస్తారు.

రాత్రి చదవడం

పది నిమిషాలు చాలు. చదివేది పిల్లలు, వినేది పెద్దలు. వ్యాఖ్యానాలు వద్దు.

తిరుగు దారి: కొబ్బరి నీళ్లు

పాతపట్నం దాటి టెక్కలి దగ్గర జాతీయ రహదారి ఎక్కేసరికి అందరికీ ఇంటికి ఎప్పుడు చేరతామా అని ఉంటుంది. పుస్తకం మూత పడేది ఇక్కడే. కాబట్టి తిరుగు దారికి ఒక్కటే పెట్టుకోండి: ఒకచోట ఆగి, ఒక వస్తువును నెమ్మదిగా చూడటం. మేము పలాసలో జీడిపప్పు కొనుక్కుని, ఉద్దానం దగ్గర కొబ్బరి బోండాలకి ఆగుతాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. అంతకు ఐదేళ్ల ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర మా నెత్తి మీదుగా వెళ్లింది. గాలి చేసే పని మాకు తెలుసు. పొడుగు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్లు. పడిపోయిన చెట్టు చోట మళ్లీ మొక్క పాతిన రైతు అన్నేళ్లు కాయ లేకుండా నీళ్లు పోశాడన్నమాట. ఈ లెక్క తెలిశాక మా చిన్నోడు బోండాం అడుగున చుక్క మిగల్చడు. లేత కొబ్బరి గీకడానికి చెక్క ముక్క కూడా చెక్కించుకుంటాడు.

ఇంటికొచ్చాక: చిట్టా నుంచి ఆవర్జాకి

రోజువారీ పద్దులు చిట్టాలో పడతాయి. తర్వాత వాటిని ఒక్కొక్క మనిషి పేరు కింద ఎత్తి రాసేది ఆవర్జా. మామగారు నెలకోసారి చేసేవారు. మేము ప్రయాణం అయిన ఆదివారం చేస్తాం. వెనక పేజీల్లో ఒక్కో పేరు రాసి, దాని కింద పద్దులు ఎక్కించాలి. అరగంట పని. ప్రయాణంలో కనబడనివి ఇక్కడ బయటపడతాయి.

పోయిన పుష్య మాసపు ప్రయాణంలో మా ఆవర్జా ఇలా తేలింది: దారిలో ఎదురైన కొత్తవాళ్ల మీద పదకొండు, అత్తయ్య మీద తొమ్మిది, మా ఆయన మీద ఆరు, నా మీద ఒకటి. ఆ ఒకటి చిన్నోడు రాయించింది: "అమ్మ నాకు కిటికీ సీటు ఇచ్చింది." పూరీలు వత్తినదానికి పద్దే లేదు. నవ్వుకున్నాం గాని, తర్వాతిసారి నుంచి నాలుగింటికి పొయ్యి దగ్గరకి ఎవరో ఒకరు నాతో పాటు లేచి వస్తున్నారు. ఆవర్జా చూసుకునేటప్పుడు ఎవరి పేజీ ఖాళీగా ఉందో తప్పకుండా చూడండి. తక్కువ రాసిన పేరు తక్కువ చేసినవాళ్లది కాకపోవచ్చు.

బాకీలు కూడా ఆవర్జాలోనే తేలతాయి. టీ కొట్టు మౌసి బాకీ తీర్చడం సులువు, మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు అక్కడే ఆగాలి. చంద్రగిరి అవ్వకి ఫొటో తీశాం, కాగితం మీద అచ్చు వేయించి మళ్లీ వెళ్లినప్పుడు ఇచ్చాం. పికప్ అన్న పేరు తెలీదు, ఊరు తెలీదు. ఆ పద్దు పక్కన "బాకీ" అని అలాగే ఉండిపోయింది. నేను చేసిందల్లా అలాంటి పంపు ఒకటి కొని డిక్కీలో పడేయడం.

మొన్నటి ప్రయాణంలో ఇచ్ఛాపురం ఇంకా రాకముందే, రోడ్డు పక్కన ఒక పాత కారు ఒరిగి నిలబడి ఉంది. లోపల ముసలి దంపతులు. మా ఆయన అడక్కుండానే ఆపాడు. పిల్లలిద్దరూ వంతులేసుకుని తొక్కారు. పెద్దాయన జేబులో చెయ్యి పెట్టబోతే చిన్నోడు వద్దని చేతులు ఊపాడు. కారెక్కాక పెద్దది పుస్తకం తెరిచి, పాత పేజీలో బాకీ అన్న మాట మీద గీత కొట్టింది. కొత్త పేజీలో ఖర్చు వైపు రాసింది: "గాలి, ముప్పై మూడు నిమిషాలు."